కొండలను, గుహలను చూచు విధము



మన కాట్రేనికోన ప్రాంతమున కొండ లేదు. చిన్న గుట్టయైనను లేదు. ఒకవైపున గౌతమీపాయలు, మరియొకవైపున సముద్రము, నడుమ వరిచేలు, కొబ్బరితోటలు, ఉప్పుటేరులు, మడ అడవులు. మన పిల్లలెరిగిన ఎత్తైన నేల కాలువగట్టే. ఇల్లు కట్టుకొనుటకు రాయి కావలసినచో దూరదేశమునుండి బండిమీద రావలెను. ఈ సంవత్సరము క్రిస్మసు సెలవులకు ముందు మన పాఠశాల ఉన్నత తరగతుల విద్యార్థులను విహారయాత్రకు తీసికొనిపోయినప్పుడు, అన్నవరము దాటుచుండగా పల్లెకారుల బాలుడొకడు కిటికీనుండి తల వెలుపలికి పెట్టి, "మాస్టరుగారూ, ఇంత మట్టి ఎవరు పోసినారండీ?" అని యడిగెను. తోడివారు నవ్విరి. నాకు మాత్రము ఆ ప్రశ్న నవ్వదగినదిగా తోచలేదు. కొండ యేమో యెరుగనివాడు కొండను చూచి అడుగవలసిన మొదటి ప్రశ్న అదియే.

ఆ ప్రశ్నకు ప్రత్యుత్తరముగా ఈ వ్యాసమును వ్రాయుచున్నాను. కొండసీమలయందలి పురాతన కట్టడములను, ప్రకృతి వింతలను చూడబోవువారు ఏమి చూడవలెను, దానినెట్లు గ్రహింపవలెను, అచ్చట నెట్లు మెలగవలెను అను మూడు విషయములు ఇందు చెప్పెదను. మూడవ విషయమును గూర్చి చెప్పుటకు నాకొక ప్రత్యేకమైన కారణము కలదు. అది చదువరులకు ముందుముందు తెలియగలదు.

మొదట మన నేలను గూర్చి యొకమాట. గోదావరి నాసికము చెంత త్ర్యంబకమునందు పుట్టి, 1465 కిలోమీటర్లు ప్రవహించి, పాపికొండల నడుమ తూర్పుకనుమలను చీల్చుకొని వచ్చి, ధవళేశ్వరము దాటిన పిమ్మట పాయలై సముద్రమున కలియుచున్నది. దారిపొడవునను వానలు కొండరాళ్లను అరగదీసి మట్టిచేయగా, ఆ మట్టి వరదనీటితో వేలయేండ్లుగా దిగివచ్చి నిలిచినదే మన కోనసీమ. కాబట్టి మనము కొండలు లేనివారమని యనుకొనుట పొరపాటు. మనము దున్నుచున్న ఒండ్రునేల ఒకప్పుడు కొండయై యుండినదే. 1847 మొదలు 1852 వరకు కాటన్ దొరవారు ధవళేశ్వరమున ఆనకట్ట కట్టించినప్పుడు దానికి వలసిన రాతిని ఆ యూరి కొండనుండియే తీసిరి. మన చేలకు మట్టి నిచ్చినదియు కొండయే. కాలువనీటిని నిలిపినదియు కొండరాయియే.

సంకరము కొండలు

ఎదుర్లంకవద్ద వంతెనమీద గౌతమిని దాటి, కాకినాడ, తుని మీదుగా పోయి, మేము మొదట దిగినచోటు అనకాపల్లి. ఆ పట్టణమునకు మూడునాలుగు కిలోమీటర్ల దూరమున సంకరము అను చిన్న గ్రామము కలదు. ఊరిప్రక్కన వరిచేల నడుమ రెండు కొండలున్నవి. తూర్పుదానికి బొజ్జన్నకొండయనియు, పడమటిదానికి లింగాలకొండయనియు పేర్లు.

ఈ మూడు పేర్లును మూడు పాఠములు. బౌద్ధభిక్షువులు గుమిగూడి నివసించు స్థలమును పూర్వము సంఘారామమనిరి. ఆ మాటయే నాలుకలపై అరిగి సంకరమైనదని పండితులు చెప్పుదురు. బుద్ధుని కొండ బొజ్జన్నకొండ యైనది. పడమటి కొండమీద రాతిని తొలిచి వరుసవరుసలుగా చిన్న స్తూపములను నిలిపిరి. కాలక్రమమున ఆ మతము ఆ ప్రాంతమునుండి తొలగిపోయిన పిమ్మట, వానిని చూచిన జనులు గుండ్రని తలలుగల ఆ రాళ్లను లింగములనుకొనిరి. అందుచేత అది లింగాలకొండ యైనది. మనుష్యులు మరచిపోయిన చరిత్రను ఒక్కొక్కప్పుడు ఊరిపేరు దాచియుంచును. కావున ఎక్కడికి పోయినను ముందుగా ఆ స్థలము పేరును, దాని యర్థమును విచారింపుడు.

స్తూపమనగా మహాత్ముల ధాతువులమీదనో, వారి జ్ఞాపకార్థముగానో నిర్మించిన గోపురాకారమైన దిబ్బ. చైత్యము పూజాస్థలము, విహారము భిక్షువుల నివాసము. బొజ్జన్నకొండయందు ఈ మూడును గలవు. కొండను తొలిచిన గుహలలో పెద్దదానియందు రాతిలోనే మలచిన పదునారు స్తంభములు, వాని నడుమ చతురస్రమైన వేదికమీద ఏకశిలా స్తూపము ఉన్నవి. వాకిట ద్వారపాలకులు, పైభాగమున ధ్యానమందున్న బుద్ధుని ప్రతిమ కనబడును. ఆ గుహలో తెచ్చి పెట్టిన రాయి యొక్కటియు లేదు. ఇల్లు కట్టువాడు రాతిమీద రాయి చేర్చును. గుహ తొలుచువాడు అక్కరలేని రాతిని తీసివేయును. స్తంభము నిలువవలసినచోట ఉలి జారి పెద్దపెచ్చు ఊడిపోయినచో దానిని మరల అతికించుటకు వీలులేదు. ఎంత ఓర్పుతో, ఎంత ముందుచూపుతో వారు పనిచేసిరో మా బాలురకు బోధపరచుటకు ఒక సబ్బుబిళ్లను, చిన్న కత్తిని ఇచ్చి, నాలుగు స్తంభముల మండపమును తొలువుమంటిని. సాయంకాలమునకు మండపము ఒక్కటియు నిలువలేదు.

భిక్షువులు కొండలనేల కోరుకొనిరని యొక బాలిక యడిగెను. దానికి కారణములు కలవు. వారు సంవత్సరములో అధికభాగము సంచారము చేయుచు, వానకాలమున మాత్రము ఒక్కచోట నిలువవలెనని నియమము కలిగియుండిరి. గుహ వానకు తడియదు, గాలికి ఎగిరిపోదు. కాని వారికి అన్నము గ్రామములనుండి భిక్షగా రావలెను. అందుచేత ఘోరారణ్యము పనికిరాదు. ఊరికి దూరముగాక, ఊరిసందడి చేరక యుండు కొండ వారికి తగినది. వర్తకులు నడచు బాట సమీపమున నున్నచో దానముచేయువారికిని కొదువలేదు. సంకరమును చూచినచో ఈ లక్షణములన్నియు కానవచ్చును.

1906 మొదలు 1908 వరకు పురావస్తుశాఖవారి పక్షమున అలెగ్జాండర్ రీ దొరవారు ఈ కొండలను త్రవ్వించిరి. అప్పుడు దొరికిన వస్తువులలో గుప్తచక్రవర్తియైన సముద్రగుప్తుని బంగారునాణెము ఒకటి. ఆ రాజు నాలుగవ శతాబ్దమువాడు. ఆ నాణెము దొరికిన మట్టిపొర అతని కాలముకంటె పూర్వపుదై యుండజాలదని దీనివలన తేలుచున్నది. ఇచ్చట నొక ముఖ్యవిషయమును గమనింపుడు. నాణెము విలువ బంగారమందు మాత్రమే లేదు. అది యే పొరలో, ఏ వస్తువుల నడుమ నుండెను అనుదానియందే యెక్కువగా నున్నది. పాతస్థలమున కనబడిన పెంకునో, ఇటుకముక్కనో మనము జేబులో వేసికొన్నచో వస్తువు మనకు మిగులును గాని, అది చెప్పగలిగిన సాక్ష్యము నశించును. సాక్షిని న్యాయస్థానమునుండి ఎత్తుకొనిపోయినవాడును అంతటి పనియే చేయును.

అజ్ఞానము వలన ఎట్టి హాని కలుగునో తెలుపుటకు ఈ కొండయే దృష్టాంతము. చిరకాలము కనుమ పండుగనాడు చుట్టుప్రక్కల జనులు ఇక్కడికి వచ్చి, పొట్టవలె నుబ్బియున్న ఒక ప్రాచీన నిర్మాణమును రాక్షసుని బొజ్జయని తలచి దానిపై రాళ్లు రువ్వుచుండిరి. వారు దుష్టులు కారు; తండ్రులు చేసినదానిని తామును చేసిరి. పాత కట్టడముల రక్షణయందు శ్రద్ధగలవారును, అధికారులును చెప్పగా చెప్పగా ఇటీవలి కాలమున ఆ యాచారము నిలిచినది. ప్రాణిహింస కూడదని బోధించినవాని కొండపై రాక్షసుని పేర రాళ్లు పడుట ఎంతటి విపరీతము! తెలియకపోవుటచేతనే గదా యిది జరిగినది.

ఒక తల్లిగారు యాత్రకు ముందు నన్నడిగిరి: "మన పిల్లలను అన్యమతస్థుల గుహలకు తీసికొనిపోవుట యెందుకండీ?" ఆమె భయమును నేను తేలికగా చూడను. కాని నా ప్రత్యుత్తరమిది. ఆ గుహలను తొలిచినవారు మన దేశస్థులే. వారి చేతిపనిని ఎరుగుట వారి మతమును స్వీకరించుట కాదు. పొరుగువాని ఇంటిని గౌరవించుట తన యింటిని విడుచుట కానట్లే. సత్యమును తెలిసికొన్నందువలన ఏ విశ్వాసమునకును కొరత రాదు. మరియు ఇతరుల పూజ్యస్థలమునందు మర్యాదగా నిలువనేర్చిన పిల్లవాడే తన మందిరమునందును మర్యాదగా నిలుచును.

బొర్రా గుహలు

సంకరము మనుష్యుడు తొలిచిన గుహ. బొర్రా నీరు తొలిచిన గుహ. విశాఖపట్టణమునకు ఇంచుమించు 90 కిలోమీటర్ల దూరమున, అనంతగిరి కొండలయందు, సముద్రమట్టమునకు సుమారు 700 మీటర్ల యెత్తున నున్నది. మేము కొత్తవలస మీదుగా పోవు కిరండూలు రైలుమార్గమున పోయితిమి. ఆ మార్గము 1960 దశాబ్దమున బైలదిలా ఇనుపఖనిజమును ఓడరేవునకు చేర్చుటకై వేయబడినది. సొరంగము వచ్చినప్పుడెల్ల బాలురు వేసిన కేకలు ఇప్పటికిని నా చెవులలో మ్రోగుచున్నవి.

బొర్రా గుహ పుట్టిన విధము మన పిల్లలకు సులభముగా అర్థమగును. మనవైపు గుల్లలను కాల్చి సున్నము చేయుట పెద్దలెరుగుదురు. ఆ గుల్లలందు గల పదార్థమే సున్నపురాతియందును కలదు. వాననీరు గాలిలోనుండియు, ఆకులు కుళ్లిన మట్టిలోనుండియు బొగ్గుపులుసు వాయువును కొంత గ్రహించును. గోలీసోడాలో బుసబుసమనునది ఆ వాయువే. దానిచే కొంచెము పులిసిన నీరు సున్నపురాతి పగుళ్లలో దిగి, రాతిని కొద్దికొద్దిగా కరగించుకొని పోవును. లక్షల యేండ్లు ఇట్లు జరుగగా కొండలోపల డొల్ల ఏర్పడును. అదియే గుహ.

తరువాత వ్యాపారము తారుమారగును. సున్నమును కరగించుకొన్న నీటిబొట్టు గుహ కప్పునుండి వ్రేలాడునప్పుడు, దానిలోని వాయువు గాలిలోనికి పోవును. వాయువు పోయిన నీరు సున్నమును నిలుపుకొనజాలదు. కంటికి కనబడనంత సున్నమును కప్పునకు అంటించి బొట్టు క్రిందపడును. పడినచోట మరికొంత అంటించును. పైనుండి దిగునది ఊడవలెను, క్రిందినుండి లేచునది పుట్టవలెను పెరిగి, యెప్పుడో ఒకనాడు రెండును కలిసి స్తంభమగును. వీని పెరుగుదల చోటునుబట్టి మారును గాని, సాధారణముగా సంవత్సరమునకు మిల్లీమీటరులో పదియవవంతని శాస్త్రజ్ఞులు లెక్కింతురు. అనగా బెత్తెడు పెరుగుటకు ఇంచుమించు వేయి సంవత్సరములు.

ఆ గుహగుండ గోస్తనీనది ప్రవహించి భీమునిపట్టణమువద్ద సముద్రమున పడుచున్నది. కొండమీద మేయుచున్న ఆవు ఒకటి పైకప్పు రంధ్రమునుండి గుహలో పడెననియు, దానిని వెదకబోయిన పసులకాపరి లోపల లింగాకారమైన రాతిని చూచెననియు గిరిజనులు చెప్పుకొందురు. శివరాత్రికి అచ్చట గొప్ప జనసమూహము చేరును. మీరు శాస్త్రమును నమ్మి కథను ఎగతాళి చేయనక్కరలేదు. గుహకు పైన రంధ్రమున్నదనియు, దానిని మొదట ఎరిగినవారు పశువులకాపరులనియు కథ చెప్పుచున్నది. రాతిని మొదట చూచినవారి జ్ఞాపకము కథయందుండును. రాయి యెట్లు పుట్టెనో శాస్త్రమునందుండును.

ఈ గుహాప్రాంతమునకు మన న్యాయచరిత్రమునందును స్థానము కలదు. అనంతగిరి ప్రాంతపు గిరిజనభూములను గనుల త్రవ్వకమునకై గిరిజనేతరులకు కౌలుకిచ్చుటను గూర్చి వచ్చిన సమత వ్యాజ్యమునందు, షెడ్యూలు ప్రాంతములలో అట్టి కౌళ్లు చెల్లవని 1997లో సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పెను. కొండ అందమైనదే గాక ఒకరి నివాసమును, జీవనమును అని ఆ తీర్పు మనకు జ్ఞప్తి చేయుచున్నది.

అరకులోయ

బొర్రా దాటి ఇంకను పైకి పోగా అరకులోయ. సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల యెత్తు. వేయి మీటర్లు ఎక్కినకొలది గాలి ఇంచుమించు ఆరు డిగ్రీలు చల్లబడును. కోనసీమలో చొక్కాతో తిరిగిన పిల్లలు అక్కడ దుప్పట్లు కప్పుకొని కూర్చుండిరి. పెద్దచెట్ల నీడలో కాఫీతోటలు, ఆ చెట్లకే ప్రాకించిన మిరియపుతీగెలు చూచితిమి. కొబ్బరిచెట్ల నడుమ కోకోను, పోకను పెంచు మన రైతుబిడ్డలకు ఆ పద్ధతి వెంటనే బోధపడినది.

అచ్చట గిరిజన స్త్రీలు భుజములచుట్టు చేతులు పెనవేసికొని థింసా నాట్యము చేయుదురు. మనవారిలో కొందరు అడుగకయే ఛాయాచిత్రములు తీయబోగా నేను వారించితిని. మన యింటి వాకిట అమ్మ బియ్యము చెరుగుచుండగా అపరిచితుడు వచ్చి చిత్రము తీసినచో మనకెట్లుండును? చూడబోయినవారము మనమే, వారు మన చూపుడువస్తువులు కారు.

నా తప్పు

ఇక నేను మొదట చెప్పిన కారణమునకు వచ్చుచున్నాను.

సంకరమున గుహలు చూచుచుండగా ఎనిమిదవ తరగతి బాలుడొకడు ఒక ప్రక్కగోడమీద చెక్కియున్న పేర్లను చదువుచు, "మాస్టరుగారూ, ఇక్కడ మీ పేరున్నదండీ! ఇంటిపేరు కూడ అదే!" అని కేకవేసెను. అది నా పేరే. ఇరువది రెండు సంవత్సరముల క్రిందట ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో చదువుచుండగా సహాధ్యాయులతో వచ్చి, కాగితములకు రంధ్రములు చేయు దబ్బనముతో నేను చెక్కితిని. సంవత్సరము కూడ వేసితిని. ఆనాడు అది నేరమని నాకు తోచలేదు; అందరును చెక్కుచుండిరి. బాలుడు నా ముఖము చూచుచుండెను. నేను, "ఆ పేరుగలవారు ఎందరో యుందురు" అని చెప్పి ముందుకు నడిచితిని.

మరునాడు బొర్రాలో అదే బాలుడు నేలపై పడియున్న వ్రేలెడు సున్నపురాతిముక్కను జేబులో వేసికొనగా చూచి, దానిని తీసినచోటనే పెట్టుమంటిని. "నేను విరువలేదండీ, పడియున్నదే తీసినాను" అని చెప్పి, మారుమాటలేక పెట్టివేసెను. వాని చేతిలోనున్నది పడియున్న ముక్క. నా చేయి చేసినది పడినది కాదు, నిలిచినదానిని గీసినది. పైగా అబద్ధము నాది. ఆ రాత్రి బసలో పిల్లలందరిని కూర్చుండబెట్టి ఆ పేరు నాదేయని చెప్పితిని. కొంతసేపు ఎవరును మాటాడలేదు. పిమ్మట ఆ బాలుడు, "మరి దానిని చెరపివేయకూడదాండీ?" అని యడిగెను.

తిరుగుప్రయాణమున అనకాపల్లిలో దిగి మరల ఆ కొండకు పోయి అక్కడి కాపలాదారుని అదియే యడిగితిని. అతడు, "ముట్టవద్దండీ. గీకితే ఇంకొంత రాయి పోతుంది" అనెను. చట్టము సంగతియు అతడే చెప్పెను. 1958 సంవత్సరపు ప్రాచీన కట్టడముల చట్టమును 2010లో సవరించిన పిమ్మట, రక్షిత కట్టడమును పాడుచేసినవానికి రెండు సంవత్సరముల వరకు ఖైదుగాని, లక్షరూపాయల వరకు జరిమానాగాని, రెండునుగాని విధింపవచ్చును.

పోవువారికి కొన్ని మాటలు

తలిదండ్రులును పిల్లలును ఈ కొద్దిమాటలు గుర్తుంచుకొందురుగాక. పోవుటకు ముందు ఆ స్థలమును గూర్చి చదువుడు. చదువక చూచిన కొండ వట్టి రాయి. గుహలలోని ఊడలను చేతితో తాకకుడు. చేతి జిడ్డు అంటినచోట సున్నము సరిగా నిలువదు, పెరుగుదల ఆగిపోవును. లోపల కేకలు వేయకుడు. అచ్చట గబ్బిలములు కాపురమున్నవి. తెచ్చిన ప్లాస్టిక్ సంచులను, సీసాలను తిరిగి మోసికొని రండు. దేనిని తీసికొనిరాకుడు. తేవలసినది చిత్రముగాని, నోటుపుస్తకములో వ్రాసిన మాటగాని.

డబ్బులేక రాలేకపోయిన పిల్లలు విచారింపవద్దు. చూడనేర్చినవానికి మనయూరును చూడదగినదే. కుండలేశ్వరమున పూర్వపు దేవాలయము కలదు. కందికుప్పవైపు మడ అడవులు కలవు. 1996 నవంబరు 6వ తేదీన వచ్చిన తుపాను మన మండలమును ఎట్లు చెరచినదో మీ పెద్దలనడుగుడు. మడచెట్లు అలల విసురును తగ్గించునవి. వానిని నరికినవాడు తన యింటిగోడను తానే కూల్చినవాడగును. కొండమీద పేరు చెక్కనివాడు మడచెట్టు కాండముమీదను చెక్కడు.

"ఇంత మట్టి ఎవరు పోసినారండీ?" అని యడిగిన బాలునికి నేనిచ్చు జవాబిది. దానిని సృష్టికర్త పోసెను; వానయు నదియు దానిలో కొంత మన యూరికి మోసికొనివచ్చినవి; మనుష్యుడు దానిలో కొంత తొలిచి గుడి చేసికొనెను. మనవంతు దానిని చెరపకుండుట మాత్రమే. అంతపాటి పనియు నేను నా యౌవనమందు చేయలేకపోతిని.

నా పేరు ఆ గోడమీద ఇంకను ఉన్నది. నా తరువాతను ఉండును. మీరెప్పుడైనను సంకరము పోయినచో అది మీకు కనబడవచ్చును. చదివి, ఊరకుండుడు. దాని ప్రక్కన మీ పేరు వ్రాయకుడు.